సమాధానం: బస్టాండు కౌంటర్ సిబ్బందికి సైగల భాష ఎలా నేర్పాలి

తిరుపతి బస్టాండు కౌంటర్లో మనవాళ్లు అక్షరాలన్నీ బట్టీ పట్టినా బధిర ప్రయాణికులకు అర్థం కావట్లేదన్నారు కదా సార్, ముందు వాళ్లు ఏ వీడియో చూసి నేర్చుకున్నారో కనుక్కోండి. ఒంటిచేత్తో అక్షరాలు చూపిస్తుంటే అది అమెరికా పద్ధతి. భారతీయ సంజ్ఞా భాషలో చాలా అక్షరాలకు రెండు చేతులూ కావాలి. ఢిల్లీలోని భారతీయ సంజ్ఞా భాషా పరిశోధన, శిక్షణ కేంద్రం ఐఎస్‌ఎల్‌ఆర్‌టీసీ నిఘంటువు వీడియోలు యూట్యూబ్‌లో ఉచితం. 2021 నాటికే 10,000 పదాలు చేర్చారు.

అయినా అక్షరాలతో మొదలెట్టడమే తప్పు. ఎక్కడికి, ఎంత, ఎన్ని టికెట్లు, ఆగండి, మళ్లీ చెప్పండి, రాసివ్వండి... ఇలాంటివి పాతిక చాలు. అంకెలు మాత్రం తడబాటు లేకుండా రావాలి, ప్లాట్‌ఫాం నంబరు, చార్జీ, టైం అన్నీ వాటితోనే కదా! ప్రశ్న పదం చివర్లో రావాలి: 'టికెట్లు ఎన్ని', 'బస్సు ఎప్పుడు'. ముఖంలో ప్రశ్న కనబడకపోతే చేతులు ఎంత బాగా కదిలినా అది ప్రశ్న కాదు, కాబట్టి మాస్కు తీయించండి. సిబ్బంది వెనక కిటికీ వెలుతురుంటే తెర వేయండి, లేకపోతే ముఖం నల్లగా కనిపిస్తుంది.

కాణిపాకం, శ్రీకాళహస్తి లాంటి ఊళ్లకు ఇక్కడి బధిరులు వాడే సైగలనే వాళ్లనడిగి నేర్చుకోండి. వారానికోసారి ఆ బధిరుల్లో ఒకరిని పిలిచి, ఫీజు ఇచ్చి, సిబ్బంది చేత నోరు మెదపకుండా వాళ్లకు టికెట్ అమ్మించండి.