అమ్మమ్మ మధ్యలో అన్న మాట

బ్రాడీపేట, గుంటూరు

అమ్మాయీ,

మీ చుట్టాలంతా కలిసి తోటలో గడిపిన రాత్రి గురించి నువ్వు రాసి పంపిన ‘తోటలో ఒక రాత్రి’ రెండుసార్లు చదివాను. మొదటిసారి మధ్యాహ్నం భోజనమయ్యాక, కునుకుపాట్ల మధ్య. అది లెక్కలోకి రాదు. రెండోసారి నిన్న తెల్లవారుజామున చదివాను. బాగుందని ఒక్క మాట అనేసి ఊరుకోవచ్చు. అలా అనేవాళ్లు మీ చుట్టాల్లోనే పదముగ్గురున్నారు. ఆ పని వాళ్లకే వదిలేస్తున్నాను.

ముందు వంట సంగతి చూద్దాం. కొండవీడు కొండ కింద మీ పెద్దమావయ్య తోటలో మూడు రాళ్లు పెట్టి, చితుకులు ఏరి, పద్నాలుగు మందికి అన్నం, కోడికూర వండారనీ, వంట అద్భుతంగా కుదిరిందనీ రాశావు. నేను నమ్మలేదు. గ్యాసు పొయ్యి తప్ప ఎరగని చేతులతో, కట్టెల మంట మీద, అంత పెద్ద గిన్నెలో ఎసరు పెడితే మొదటిసారే ఎవరికీ కుదరదు. అందుకే ఫోన్ చేసి అడిగాను. నవ్వుతూ చెప్పేశావు. అడుగు మాడింది, పైన పలుకు, మధ్యలోది మాత్రం తినేలా ఉంది. మీ బాబాయి ఆ మధ్యలోది పిల్లలకూ పెద్దవాళ్లకూ వడ్డించాడు. ఆఖరున కూర్చున్న మీ పిన్నికి మాడుచెక్క మిగిలింది. ఆవిడ దాంట్లో మజ్జిగ పోసుకుని, ‘మాడిందే రుచి’ అంటూ తినేసింది.

ఇదంతా ఎందుకు రాయలేదంటే, ‘బాబాయి ఫీలవుతాడేమో అని’ అన్నావు. సరే. కానీ ఆ మాడుచెక్క ఎవరి విస్తట్లో పడిందో రాస్తే, ఆ ఇంట్లో ఎవరు ఎక్కడ నిలబడతారో ఇంకేమీ రాయనక్కర్లేదు. ‘అందరం కలిసి ఆనందంగా భోంచేశాం’ అన్న వాక్యంలో ఎవరూ కనపడరు, పిన్ని అసలే కనపడదు. నువ్వేమో సగం పేజీ వంటకాల పేర్లకు ఇచ్చావు. పులిహోర, గోంగూర, కాల్చిన వంకాయ పచ్చడి, ఊరమిరపకాయలు, పెరుగావడ... అది క్యాటరింగ్ వాళ్ల కార్డులా ఉంది. వాటిలో ఒక్క వంకాయను ఉంచు, మీ పెద్దమ్మ నిప్పుల్లోంచి తీసి తొక్క వలుస్తూ వేళ్లు ఊదుకుంటుందే, ఆ వంకాయను. తక్కినవి ఎవరింట్లోనైనా ఉండేవే.

టెంట్ల భాగం బాగా వచ్చింది, ముట్టుకోకు. స్లీపింగ్ బ్యాగు చూసి మీ తాతయ్య ‘మనిషిని మూటగట్టడమేంది’ అని నులకమంచం తెప్పించుకుని వేపచెట్టు కింద వేసుకోవడం చదివి పైకే నవ్వాను.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. నెల కిందట నువ్వు నాకు చూపించిన నోట్సులో ఒక చిన్న గొడవ ఉంది. తిరగరాసి పంపిన ఈ సాపు ప్రతిలో అది లేదు. భోజనాలయ్యాక మంట చుట్టూ కూర్చున్నప్పుడు తాతయ్య, ‘మా చిన్నప్పుడు వరన్నం పండగలకే. అదీ పిడికెడు. ఏడాదంతా జొన్నన్నమే’ అని మొదలుపెట్టాడు. మీ అమ్మమ్మ వెంటనే, ‘ఆ మాట మీ ఇంట్లో. మా ఇంట్లో కాదు’ అంది. ఆయన ఒక క్షణం ఆగి, విననట్టే మళ్లీ అందుకున్నాడు. సాపు ప్రతిలో నువ్వు అమ్మమ్మ మాట కొట్టేశావు. తాతయ్య కథ ఇప్పుడు కాలువలో నీళ్లలా సాఫీగా పోతోంది. సాఫీగా ఉంది కాబట్టే చప్పగా ఉంది.

ఆ ‘మీ ఇంట్లో’ అన్న మాటలో ఏముందో చూడు. మీ అమ్మమ్మది తెనాలి పక్క. బెజవాడ దగ్గర కృష్ణ మీద 1855కే ఆనకట్ట పూర్తయింది. ఆ కాలువల కింద ఆవిడ ముత్తాతల నాటికే మాగాణి, వరి, మూడు పూటలా తెల్లన్నం. తాతయ్యదేమో నరసరావుపేట అవతల మెట్ట. అక్కడ వానొస్తే జొన్న, రాకపోతే అదీ లేదు. నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన 1955లో జరిగితే, కాలువలకు నీళ్లు వదిలింది 1967లో. మీ అమ్మమ్మ పెళ్లి 1963 అన్నావు. అంటే పదహారేళ్ల మాగాణి పిల్ల, సాగర్ నీళ్లు రావడానికి నాలుగేళ్ల ముందు, జొన్నన్నం తినే ఇంటికి కోడలిగా వెళ్లింది. ఒకే జిల్లాలో అటు ఊరికీ ఇటు ఊరికీ మధ్య వందేళ్ల తేడా ఉండేది. (ఇప్పుడు ఒకే జిల్లా కూడా కాదు. 2022లో విడగొట్టాక తాతయ్య ఊరు పల్నాడు జిల్లా అయింది, అమ్మమ్మ ఊరు గుంటూరులోనే ఉండిపోయింది. ఆ రాత్రి ఈ సంగతి ఎత్తితే ఇంకో గొడవ అయ్యేది.) ఇంత కథ ఆవిడ నాలుగు ముక్కల్లో చెప్పేసింది. నువ్వు దాన్ని అడ్డు అనుకున్నావు.

మన ఇళ్లల్లో జ్ఞాపకం ఒకళ్లే చెప్పరు. ఒకళ్లు మొదలుపెడతారు, ఇంకొకళ్లు ‘కాదు కాదు, అప్పటికి గేదె ఈనలేదు’ అంటారు, మూడోవాళ్లు ‘అసలు నువ్వా రోజు ఊళ్లోనే లేవు’ అంటారు. చుట్టాలు నలుగురు చేరినప్పుడు కథ అలాగే నడుస్తుంది. ఎవరు చెప్పింది నిజమో నువ్వు తేల్చకు. గేదె ఈనిందో లేదో పాఠకుడికి అక్కర్లేదు. అరవై ఏళ్ల తర్వాత కూడా ఆ విషయం మీద ఇద్దరు పంతం పట్టారన్నదే ఆసక్తి.

కొండవీడు పేరు ఎత్తావు గనక ఒక మాట. రెడ్డిరాజుల కాలంలో శ్రీనాథుడు విద్యాధికారిగా పనిచేసింది ఆ కోటలోనే. నీ రచనలో కోట మీద, ఆయన మీద ఒక పేరా ఉంది. గూగుల్‌లో దొరికేదే కాబట్టి తీసేయ్. దానికన్నా ఆయన పేరు మీద చెప్పుకునే చాటుపద్యం నీకు పనికొస్తుంది. పల్నాటి సీమలో అన్నీ జొన్నలే, సన్నన్నం కనపడదని విసుక్కునే పద్యం. అంత పెద్ద కవి కనకాభిషేకాల గురించి చెప్పుకోవడం ఒక ఎత్తు, కంచం ముందు కూర్చుని సణగడం ఒక ఎత్తు. ఆరు వందల ఏళ్ల కిందట ఆ ఊళ్లవాళ్లు ఏం తిన్నారో మనకు తెలిసింది ఆ సణుగుడు వల్లే. ఆ రాత్రి మీ అమ్మమ్మ సణిగింది కూడా సరిగ్గా అదే జొన్న మీద! నువ్వేమో పద్యం వదిలి కోటను పట్టుకున్నావు.

ఇంక రాయకూడనివి కూడా ఉంటాయి. నా ముప్ఫయ్యో ఏట కార్తీక వనభోజనాల్లో, ఉసిరిచెట్టు కింద, మా మేనత్త తన మొదటి పెళ్లిచూపుల కథ చెప్పింది. అందరం పడీపడీ నవ్వాం. నేను దాన్ని కథ చేసి పత్రికకు పంపాను, పేర్లు మార్చాను కదా అనే ధీమాతో. వచ్చిన వారానికే వాళ్ల ఊరంతా చదివారు. అత్త నాతో నాలుగేళ్లు మాట్లాడలేదు. నాలుగేళ్ల తర్వాత మాట్లాడినప్పుడు కూడా, ‘నీకు చెప్పలేదురా, అక్కడున్న వాళ్లకు చెప్పాను’ అంది. నేనూ అక్కడే ఉన్నాను కదా అని అప్పుడు వాదించబోయాను. ఇప్పుడైతే వాదించను. కాబట్టి పిన్ని మాడుచెక్క గురించి రాసే ముందు ఆవిడకు చదివి వినిపించు. వద్దంటే మానెయ్. ‘ఓసి నీ అసాధ్యం కూలా’ అంటే వేసుకో.

ఫోన్లో రికార్డు చేయమంటావా అని అడిగావు. నేనైతే వద్దంటాను. ఫోను ఎదురుగా పెడితే మీ తాతయ్య టీవీలో మాట్లాడినట్టు మాట్లాడతాడు, అమ్మమ్మ అసలు నోరే విప్పదు. పొద్దున్నే, ఇంకా పళ్లు తోముకోకముందే, గుర్తున్నన్ని మాటలు ఎవరి యాసలో వాళ్లవిగా రాసుకో. ఆయన ‘ఏంది’ని ‘ఏమిటి’ చేయకు.

సాపు ప్రతి పక్కన పడేసి నోట్సు ముందు పెట్టుకుని మళ్లీ మొదలుపెట్టు. దానికి ముందు ఒకసారి అమ్మమ్మ దగ్గరికి వెళ్లిరా. 1963లో కాపురానికి వెళ్లిన మొదటి రాత్రి ఆ ఇంట్లో ఆవిడకు ఏం వడ్డించారు? తిందా, తిన్నట్టు నటించిందా? ఆవిడ ఎదురుగా ఎవరు కూర్చున్నారు? ఇవి అడుగు. తాతయ్య పొలం వైపు వెళ్లినప్పుడు అడుగు, లేకపోతే సమాధానం ఆయనే చెప్పేస్తాడు.

ఆశీస్సులతో,
నీ మాస్టారు