885 అడుగుల నీరా, 885 అడుగుల నీటిమట్టమా?

సందేహం: వానాకాలంలో టీవీలో "శ్రీశైలంలో 885 అడుగుల నీరు" అని చూస్తుంటాం. తొమ్మిదో తరగతి చదివే మా అబ్బాయి, "స్థితిశక్తి ఎత్తును బట్టే కదా, కరెంటు లెక్కలో 885 వేసుకోవచ్చా?" అని అడిగాడు. అసలు ఆ వాక్యం సరైనదేనా? ఎత్తు, లోతు, మట్టం వీటిలో ఏ మాట వాడాలి?

సమాధానం: ఆ వాక్యం సరైంది కాదండీ. పునాది నుంచి కొలిస్తే శ్రీశైలం డ్యామే 145 మీటర్లు, అంటే దాదాపు 476 అడుగులు. అందులో 885 అడుగుల నీరు ఎలా నిలుస్తుంది? ఆ అంకె సముద్రమట్టం నుంచి కొలిచింది. "నీటిమట్టం 885 అడుగులకు చేరింది" అనాలి. స్క్రోలింగ్‌లో చోటు చాలక 'మట్టం' ఎగిరిపోతుందేమో గానీ, దాంతోపాటు అర్థమూ పోతోంది.

లోతుతో పేచీ లేదు, అది నీటిపై నుంచి అడుగుదాకా. ఎత్తు అన్నప్పుడే దేని నుంచి అన్నది తేలాలి. మనిషి ఎత్తు అరికాలి నుంచేనని అందరికీ తెలుసు కాబట్టి విడిగా చెప్పం. మట్టం అనే మాట స్థాయిని చెబుతుంది. తాపీమేస్త్రి రసమట్టం పెట్టేది గోడ ఎంత లేచిందో చూడటానికి కాదు, వరస సమంగా ఉందో లేదో చూడటానికి. గోడ కూలితే 'నేలమట్టమైంది' అంటాం, నేల స్థాయికి వచ్చేసిందని.

ఇక మీ అబ్బాయి లెక్క. ద్రవ్యరాశిని గురుత్వ త్వరణం 9.8తోనూ ఎత్తుతోనూ గుణిస్తే స్థితిశక్తి. ఎత్తును ఎక్కడి నుంచి కొలిచినా తప్పులేదు గానీ, కరెంటుకు పనికొచ్చేది పైమట్టానికీ కిందిమట్టానికీ మధ్య తేడానే. శ్రీశైలం నుంచి దిగిన నీరు నాగార్జునసాగర్ జలాశయంలోకి చేరుతుంది. సాగర్ పూర్తి నీటిమట్టం 590 అడుగులు. రెండూ నిండుగా ఉంటే తేడా 295 అడుగులు, సుమారు 90 మీటర్లు. వెయ్యి లీటర్ల నీరు అంత ఎత్తు దిగితే 8,82,000 జౌళ్లు, అంటే ఏ నష్టమూ లేదనుకుంటే పావు యూనిట్ కరెంటు. శ్రీశైలం ఎడమగట్టు విద్యుత్ కేంద్రంలో సాగర్ నీటిని తిరిగి పైకి తోడే ఏర్పాటు కూడా ఉంది. తోడాలంటే కనీసం అంత శక్తీ మనమే పెట్టాలి.

295 బదులు 885 వేస్తే జవాబు సరిగ్గా మూడింతలు అవుతుంది. 'మూడింతలు పెరుగుతుంది' అని మాత్రం రాయనివ్వకండి, పెరిగేది రెండింతలే.