ఔటర్ వైల్డ్స్‌లో ఇసుక దగ్గర ఆగిపోయిన కావలి తమ్ముడికి

తమ్ముడూ, గ్రహాలన్నీ తిరిగి చూసే ఈ అంతరిక్ష వీడియో గేమ్ పది గంటలు ఆడినా ఒక్క అప్‌గ్రేడ్ కూడా దొరకలేదని, ఎంబర్ ట్విన్ గ్రహం గుహల్లోకి వెళ్లిన ప్రతిసారీ ఇసుక నిండిపోయి చచ్చిపోతున్నానని రాశావు. నువ్వేమీ మిస్ కాలేదు. ఈ ఆటలో లెవెల్స్ లేవు, కొత్త ఆయుధాలు రావు. పెరిగేది నీకు తెలిసిన విషయమే.

ఆ ఇసుక పక్కనున్న యాష్ ట్విన్ గ్రహం నుంచి వస్తోంది. ఈ ఆటలో కాలం 22 నిమిషాలకోసారి మళ్లీ మొదటికొస్తుంది కదా, ఆ 22 నిమిషాల్లో అక్కడ తగ్గేకొద్దీ ఇక్కడ నిండుతుంది. కాబట్టి ప్రతిసారీ మొదట్లో కళ్లు తెరవగానే ఇంకెక్కడా తిరగకుండా నేరుగా ఎంబర్ ట్విన్‌కే పో. మరి ఇసుక తగ్గిపోయే రెండో గ్రహానికి ఎప్పుడు వెళ్లాలో నువ్వే ఆలోచించు. అది నేను చెబితే నీ ఆట పాడైపోతుంది.

ఒంగోల్లో ఓ రాత్రి కరెంటు పోయినప్పుడు, ఫోన్ లైటు వెలుగులో నోటుబుక్‌లో ఆ రెండు గ్రహాలూ గీసుకుంటుంటే నాకిది వెలిగింది. ఆ సంతోషం నీకూ దక్కాలి.

చనిపోయినా షిప్ లాగ్, అంటే నువ్వు కనుక్కున్నవన్నీ నమోదయ్యే ఓడలోని చిట్టా, చెరిగిపోదు. ఇంకా చూడాల్సింది ఉందని అందులో ఏ చోటు గురించి రాసి ఉందో, ముందు అక్కడికెళ్లు. యూట్యూబ్ మాత్రం తెరవకు, ప్లీజ్.