ఓవెన్ లేకుండా, ఈ ఎండల్లో, ఇంట్లోనే రిచ్ చాక్లెట్ డెజర్ట్‌లు చేసుకోవచ్చా?

మీరు రాసింది ఇదీ: రాయగడలో ఉంటున్నారు, ఓవెన్ లేదు, కేకుల సామాన్లు అమ్మే పెద్ద షాపులు లేవు. అమ్మకానికి కాదు, ఆదివారం పూట సరదాగా ఏదైనా బాగా రిచ్‌గా చేసుకుని తినాలని కోరిక. ఒకసారి కరిగిస్తుంటే చాక్లెట్ ముద్దకట్టింది. ఇంకోసారి ఫ్రిజ్‌లోంచి తీస్తే పైన తెల్లటి మచ్చలు. ఇంట్లో గుడ్డు తినని పెద్దవాళ్లు కూడా ఉన్నారు.

చేసుకోవచ్చండీ, హాయిగా. నేను ఉండేది పర్లాకిమిడిలో. పాతపట్నం పక్కనే, ఆంధ్రా గాలి తగిలేంత దగ్గర. అయినా బేకింగ్ సామాన్లకు బరంపురమో విశాఖో పోవాల్సిందే. నేను కూడా ఓవెన్ కొనలేదు, కొనే ఆలోచనా లేదు. నా మాటల్లా ఒకటే. మన ఊళ్ల వేడికి చాక్లెట్‌ని గట్టిగా నిలబెట్టే వంటకాలు వదిలేయండి, మెత్తగా ఉండాల్సినవి పట్టుకోండి. సగం టెన్షన్ అక్కడే తీరిపోతుంది.

వీడియోల్లో నిగనిగలాడుతూ, విరిస్తే టక్కుమనే చాక్లెట్లు చూపిస్తారు కదా, ఏప్రిల్ నుంచి జూన్ దాకా వాటి జోలికి పోకండి. చాక్లెట్‌లో ఉండే కోకో బటర్ సుమారు 34 డిగ్రీల దగ్గర కరుగుతుంది. మే నెల మధ్యాహ్నం మన వంటింట్లో గాలే అంతకన్నా వేడి. ఆ మెరుపు కోసం చేసే పనిని టెంపరింగ్ అంటారు. డార్క్ చాక్లెట్‌ని 45 డిగ్రీల దాకా కరిగించి, 27, 28కి దించి, మళ్లీ 31, 32కి తేవాలి. కోకో బటర్ ఆరు రకాలుగా గడ్డకడుతుంది. అందులో ఒక్క రకమే ఆ మెరుపు, ఆ విరుపు ఇస్తుంది. ఈ తిప్పలన్నీ దాన్ని రప్పించడానికే. గది వేడే 35 ఉంటే 27కి దించడం ఎలా? ఆ ముచ్చట డిసెంబరు, జనవరి రాత్రులకి దాచుకోండి.

కొనేటప్పుడు ధర కన్నా ముందు వెనకాల లేబుల్ చదవండి. పదార్థాల్లో కోకో బటర్ అని ఉంటే అసలు చాక్లెట్. దాని బదులు వెజిటబుల్ ఫ్యాట్, హైడ్రోజినేటెడ్ ఫ్యాట్ అని ఉంటే అది కాంపౌండ్. బేకరీ సామాన్ల షాపుల్లో పెద్ద పలకలుగా అమ్మేది ఎక్కువగా కాంపౌండే. దానికి టెంపరింగ్ అక్కర్లేదు, కరిగించి పోస్తే దానంతటదే గడ్డకడుతుంది. కాకపోతే నోట్లో అంత హాయిగా కరగదు, నాలుక మీద కాస్త మైనం పూసినట్టు ఉండిపోతుంది. పైపూతకి కాంపౌండ్ ఫరవాలేదు గానీ, చెంచాతో తినే వాటికి అసలు చాక్లెట్టే వాడండి. అమూల్ డార్క్ 55 శాతం బార్ మామూలు కిరాణా షాపులో కూడా దొరుకుతుంది. ఇంటి వంటకి అది చాలు. కూవర్చర్ (కోకో బటర్ ఎక్కువగా ఉండే ఖరీదైన చాక్లెట్) కోసం ఊళ్లు తిరగక్కర్లేదు. ఎండాకాలంలో ఆన్‌లైన్లో మాత్రం తెప్పించకండి, దారిలోనే కరిగి మళ్లీ గడ్డకట్టి వస్తుంది. వచ్చినా పారేయకండి, కరిగించి చేసే వాటికి అది బాగానే పనికొస్తుంది.

ఇక మీ రెండు కష్టాలు. ముద్దకట్టడానికి కారణం నీటి చుక్క. కరిగిన చాక్లెట్‌లో చక్కెర, కోకో పొడి రేణువులు కొవ్వులో తేలుతూ ఉంటాయి. తడి గరిటె పెట్టినా, కింది గిన్నెలోంచి ఆవిరి ఎగిరి పడినా చక్కెర రేణువులు ఆ కొంచెం తడినీ పీల్చుకుని ఒకదానికొకటి అతుక్కుపోతాయి. విచిత్రం ఏమిటంటే, కొంచెం నీళ్లు పాడుచేస్తే ఎక్కువ నీళ్లు బాగుచేస్తాయి. ముద్దకట్టిన దాంట్లో వేడి పాలు చెంచా చెంచాగా పోస్తూ కలపండి, సాస్‌లా అయిపోతుంది. ఐస్‌క్రీం మీద పోసుకోవచ్చు. అసలు ముద్దకట్టకుండా ఉండాలంటే, గిన్నెలో నీళ్లు మరిగించి, స్టవ్ ఆపేసి, అప్పుడు పైన చాక్లెట్ గిన్నె పెట్టండి. అడుగు నీళ్లకు తగలకూడదు. మిగిలిన వేడికే మెల్లగా కరుగుతుంది.

తెల్ల మచ్చల సంగతి వేరు. వేడికి కరిగి మళ్లీ గట్టిపడితే కోకో బటర్ పైకి తేలి తెల్లబడుతుంది. ఫ్రిజ్‌లోంచి తీయగానే మన ఉక్కపోతకి చెమ్మ పట్టి, చక్కెర కరిగి, ఆరాక పైన పొడిగా మిగిలినా తెల్లగానే కనిపిస్తుంది. రెండూ బూజు కాదు, తినొచ్చు. బిగుతు మూత ఉన్న డబ్బాలో పెట్టి, బయటికి తీశాక డబ్బా చల్లదనం పోయేదాకా మూత తెరవకుండా ఉంటే ఆ రెండో రకం రాదు.

మొదట గనాష్ చేయండి. సన్నగా తరిగిన 200 గ్రాముల డార్క్ చాక్లెట్, 100 మి.లీ. క్రీమ్. టెట్రా ప్యాక్‌లో వచ్చే అమూల్ ఫ్రెష్ క్రీమ్‌లో కొవ్వు 25 శాతమే, కాబట్టి ఎంత గిలక్కొట్టినా అది నురుగై నిలబడదు. గనాష్‌కి మాత్రం దివ్యంగా పనిచేస్తుంది. క్రీమ్ అంచుల్లో బుడగలు రాగానే దించేయాలి, తెర్ల కాగితే విరుగుతుంది. చాక్లెట్ మీద పోసి రెండు నిమిషాలు కదపకుండా వదిలేసి, తర్వాత మధ్యలోంచి మొదలుపెట్టి చిన్న చిన్న చుట్లు తిప్పుతూ బయటికి రండి. మొదట విరిగినట్టు గీతలు గీతలుగా కనబడి, ఉన్నట్టుండి నున్నగా మెరుస్తుంది. నూనె తేలితే చెంచాడు గోరువెచ్చటి పాలు పోసి తిప్పండి. చల్లార్చి ఉండలు చేసి కోకో పొడిలో దొర్లిస్తే ట్రఫుల్స్. క్రీమ్ కూడా 200 పోస్తే కేకు మీద ధారగా పోసుకునే జారు వస్తుంది.

క్రీమ్ కూడా లేని రోజుకి ఇంకోటి ఉంది. ఫ్రాన్స్‌కి చెందిన రసాయన శాస్త్రవేత్త ఎర్వే తీస్ చూపించిన పద్ధతి, చాక్లెట్టూ నీళ్లూ తప్ప ఇంకేమీ లేని మూస్, అంటే నురుగులా తేలిగ్గా ఉండే చాక్లెట్ క్రీమ్ లాంటిది. నేను నీళ్ల బదులు కొరాపుట్ కాఫీ డికాక్షన్ పోస్తాను. మీ పక్క జిల్లాలోనే అంత మంచి కాఫీ పండుతుంటే నీళ్లెందుకు? 200 గ్రాముల 55 శాతం చాక్లెట్‌కి సుమారు 150 మి.లీ. పలచటి డికాక్షన్ పోసి, కలిపి వేడిచేసి కరిగించండి. ఆ గిన్నెని ఐసు ముక్కలున్న పెద్ద గిన్నెలో పెట్టి విస్కర్‌తో కొట్టండి. చాలాసేపు ఏమీ జరగదు, చెయ్యి నొప్పెడుతుంది, వీడియోవాళ్లని తిట్టుకుంటారు. ఆ తర్వాత రంగు ఒక్కసారిగా లేతబడి, విస్కర్ గీతలు నిలబడతాయి. ఆ క్షణంలోనే ఆపాలి. ఇంకో అరనిమిషం కొడితే రవ్వరవ్వగా అవుతుంది. అయినా నష్టం లేదు, మళ్లీ కరిగించి మళ్లీ కొట్టుకోవచ్చు. అసలే చిక్కబడకపోతే ఇంకొంచెం చాక్లెట్ వేసి కరిగించండి. ఇందులో గుడ్డూ లేదు, క్రీమూ లేదు, మీ ఇంట్లో పెద్దవాళ్లకి ఇబ్బంది ఉండదు. కాంపౌండ్‌తో మాత్రం ప్రయత్నించకండి.

కోస్తే నడుమ నుంచి చాక్లెట్ కారే లావా కేకు ఇడ్లీ పాత్రలో అయిపోతుంది. 100 గ్రాముల చాక్లెట్, 80 గ్రాముల బటర్ కరిగించి, 50 గ్రాముల పంచదారతో గిలక్కొట్టిన రెండు గుడ్లు, రెండు చెంచాల మైదా కలిపి, నెయ్యి రాసిన స్టీలు గిన్నెల్లో పోయండి. ఉప్పు వేయక్కర్లేదు, మన టేబుల్ బటర్‌లో ఉన్నదే చాలు. మూత నుంచి నీళ్లు కారకుండా గిన్నెల మీద ఫాయిల్ కప్పాలి. నీళ్లు మరిగాక పెట్టి, 8 నిమిషాల దగ్గర చూడండి. అంచు గట్టిపడి నడుమ వణుకుతుండాలి. మధ్యలో గుడ్డు పూర్తిగా ఉడకదు కాబట్టి చిన్నపిల్లలకీ, గర్భిణులకీ, పెద్దవాళ్లకీ ఇది పెట్టకండి. వాళ్లకి పెరుగు, వంటసోడా వేసిన ఎగ్‌లెస్ పిండి పోసి, నడుమ ఫ్రీజర్‌లో గడ్డకట్టించిన గనాష్ ఉండ పెట్టి పూర్తిగా ఉడికించండి. కోస్తే అదీ కారుతుంది.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన దానికి వస్తాను. ఒడిశాలో ఉండి ఛెనాపొడ (ఛెనా, అంటే విరగ్గొట్టిన పాల ముద్దని, పంచదార కలిపి కాల్చి చేసే మిఠాయి) వదిలేసి బ్రౌనీల వెంట పడటం నాకు అర్థం కాదు. నయాగఢ్ వైపు పుట్టిన వంటకం, అసలు రుచి అంతా మాడీ మాడని పంచదారలోనే ఉంటుంది. ఆ చేదు, కోకో చేదు భలే కుదురుతాయి. చాక్లెట్ ఛెనాపొడ మా ఇంట్లో పండక్కి తప్పనిసరి అయిపోయింది. మొదటిసారి చూసి మా అత్తగారు, “ఏటమ్మా ఇది, మాడిపోనాదేటి?” అన్నారు. ఇప్పుడు అడుగు ముక్క ఆవిడకే పోవాలి.

ఛెనా మిఠాయి దుకాణంలో అడిగితే ఇస్తారు, లేదా రెండు లీటర్ల చిక్కటి పాలు నిమ్మరసంతో విరగ్గొట్టుకోండి. సుమారు 400 గ్రాములు వస్తుంది. గట్టిగా పిండేయకూడదు, చేత్తో నొక్కితే తడి తెలియాలి. దాంట్లో 120 గ్రాముల పంచదార, రెండు పెద్ద చెంచాల బొంబాయి రవ్వ, చెంచా నెయ్యి వేయండి. రెండు పెద్ద చెంచాల తీపి లేని కోకో పొడిని నాలుగు చెంచాల వేడి పాలల్లో ముందే కలిపి ఉంచుకుని పోయాలి. వేడి తగిలితే కోకో వాసన విచ్చుకుంటుంది, పొడిగా వేస్తే ఉండలు కడుతుంది. అరచేతి మడమతో ఛెనాని పళ్లెంలో రాస్తూ మెదపండి, పలుకు పోవాలి. చివరికి గట్టి ఇడ్లీపిండిలా జారాలి, గట్టిగా ఉంటే ఇంకాస్త పాలు. రవ్వ నానడానికి 20 నిమిషాలు పక్కన పెట్టండి.

ఈలోగా టిన్నులో మూడు చెంచాల పంచదార వేసి సన్నసెగ మీద ఎర్రగా కరిగించి, అడుగంతా పాకేలా తిప్పండి. జాగ్రత్త, చెయ్యి మీద పడితే బొబ్బే. అసలైతే సాల్ ఆకులు చుడతారు. దొరక్కపోతే అరిటాకు మంట మీద చూపించి పక్కల పరవండి, మన సంతలో వచ్చే అడ్డాకు అయినా సరే. సగం పిండి పోసి, 60 గ్రాముల చాక్లెట్ ముక్కలు, నేతిలో వేయించిన జీడిపప్పు చల్లి, మిగతాది పోయండి. జీడిపప్పు పలాసది మనకి చేతికందే దూరమే కదా, బద్దలు కొంటే చవక కూడా.

కాల్చడానికి కుక్కర్ కన్నా మందపాటి పాత మూకుడు మేలు. కుక్కర్లో నీళ్లు లేకుండా వేడిచేయడం దానికి మంచిది కాదు. అదే వాడాలనుకుంటే పాతది ఒకటి ఇందుకే కేటాయించి, గాస్కెట్, విజిల్ రెండూ తీసేయండి. మూకుట్లో రెండు గుప్పెళ్ల కల్లుప్పు పోసి, స్టాండు పెట్టి, మూతవేసి పది నిమిషాలు వేడెక్కనివ్వండి. తర్వాత టిన్ను దించి, సన్నసెగ మీద గంట దాకా పడుతుంది. కోకో వల్ల రంగు చూసి చెప్పలేరు, ముక్కునే నమ్ముకోవాలి. మొదట కాచిన పాల వాసన, తర్వాత కాలిన పంచదార వాసన వస్తుంది. ఆ రెండోది వచ్చిన ఐదు నిమిషాలకి చాకు గుచ్చండి. ఛెనా అంటుకోకుండా వస్తే అయినట్టే, కరిగిన చాక్లెట్ అంటితే అది లెక్కలోకి రాదు. వేడి మీద కోస్తే విరిగిపోతుంది, పూర్తిగా చల్లారాకే బోర్లించండి. మర్నాటికి ఇంకా బాగుంటుంది, కానీ పాల పదార్థం కాబట్టి ఎండల్లో ఫ్రిజ్‌లోనే ఉంచాలి.

మొదటి ఆదివారానికైతే కాఫీ మూస్ చేయండి. ఖర్చు రెండు మూడు బార్ల చాక్లెట్టే, పాడైనా తిరిగి కరిగించుకోవచ్చు. ఛెనాపొడకి పిండి జారు విషయంలో అనుమానం వస్తే ఇక్కడే కింద ఫోటో పెట్టండి, చూసి చెప్తాను. ఇప్పటికే కాంపౌండ్ పలక కొనేసి ఉంటే అదీ వృథా కాదు. పలాస జీడిపప్పు పాకం ముక్కల్ని కరిగించిన కాంపౌండ్‌లో సగం దాకా ముంచి, బటర్ పేపర్ మీద ఆరబెట్టండి. పిల్లలు టిఫిన్ డబ్బాలో పట్టుకెళ్లొచ్చు, చేతికి అంత త్వరగా అంటదు.