అడ్వాన్సు ఇచ్చేముందు ఆ నేలకు నీళ్లు తాపి చూడు

చిరంజీవి అల్లునికి,

ఎర్రగుంట్ల దగ్గర పది సెంట్లు చూశావని, రేపోమాపో అడ్వాన్సు ఇస్తావని తెలిసింది. ఒక్క వారం ఆగు నాయనా. సెప్టిక్ ట్యాంకు ఎంత గట్టిగా కట్టినా, లోపలికి ఎన్ని బిందెలు పోతే అన్నీ బయటికొస్తాయి. ఆ నీళ్లు పోయేది పక్కన తవ్వే ఇంకుడు గుంతలోకి, వాటిని మింగాల్సింది దాని చుట్టూ ఉన్న మన్ను.

మొదట టేపు పట్టుకొని పో. తాగునీటి బోరుకు, బావికి ఇంకుడు గుంత 18 మీటర్ల దూరంలో ఉండాలి, ఇంటికి 6 మీటర్లు. సెప్టిక్ ట్యాంకుల భారత ప్రమాణం ఐ.ఎస్. 2470 లెక్క ఇది. పది సెంట్లు చదరంగా ఉన్నా ఒక్కో పక్క 20 మీటర్లే. నీ బోరొక్కటే కాదు, నాలుగు పక్కలవాళ్ల బోర్లూ కాగితం మీద గుర్తుపెట్టి, ఒక్కోదాని చుట్టూ 18 మీటర్ల గీత గియ్యి. దాని బయట చోటు మిగలకపోతే తక్కిన పరీక్షలన్నీ దండగ.

మిగిలితే అక్కడే జేసీబీతో పదడుగులు తవ్వించు. లోపలికి మాత్రం దిగొద్దు, నల్లరేగడి గోడ చెప్పకుండా కూలుతుంది. పైనుంచే పొరలు చూడు. బూడిదరంగు మన్నులో తుప్పు మచ్చలు కనిపిస్తే వానాకాలంలో నీళ్లు అక్కడిదాకా వచ్చి నిలుస్తున్నాయన్నమాట. పక్క బావిలో కార్తీకంలో నీళ్లు ఎంతకు వస్తాయో అడుగు. ఎండాకాలం మట్టం లెక్కలోకి రాదు. గుంత అడుగుకూ ఆ మట్టానికీ మధ్య 2 మీటర్ల మన్ను ఉండాలి.

మీ పక్క నాకు ఎక్కువ భయం నాపరాయితోనే. రెండు మూడడుగులకే బండ తగిలి, పోసిన నీళ్లు సందుల్లో గుటుక్కున మాయమైతే సంతోషపడొద్దు. నాపరాయి అంటే సున్నపురాయే, బెలుం గుహలను తొలిచింది సున్నపురాయి సందుల్లో పారిన నీళ్లే. మురికినీళ్లూ అదే దారి పడితే మన్నులో వడకట్టుకోకుండా నేరుగా ఎవరి బోరులోకో చేరతాయి. అట్లాంటి చోట 18 మీటర్లు కూడా కాపాడవు. ఆ స్థలం వదిలేయడమే నా మాట.

మన్ను బాగుంటే ఇప్పుడు ఇంకుడు పరీక్ష. మూడడుగుల లోతున నిలబడేందుకు మెట్టులా తీయించి, ఆ మెట్టు మీద అడుగు వెడల్పు, అడుగున్నర లోతు చిన్న గుంత తవ్వు. పార తగిలి నున్నబడిన గోడల్ని మేకుతో గీకు. లేకపోతే రంధ్రాలు మూసుకుపోయి కొలత తప్పుతుంది. అడుగున 5 సెంటీమీటర్ల ముతక ఇసుక పరిచి, దానిమీద 30 సెంటీమీటర్లు నీళ్లు నింపి ఒక రోజంతా నాననియ్యి. మన నల్లరేగడిలో ఈ నానబెట్టడం తప్పించకూడదు. ఎండిన నెర్రెలు మొదట గబగబా తాగేస్తాయి, మన్ను ఉబ్బి నెర్రెలు మూసుకున్నాకే అసలు గుణం బయటపడుతుంది. అందుకే మేస్త్రీ ఒక బొక్కెన నీళ్లు పోసి, చూశావా ఇంకిపోయాయి అంటే నమ్మొద్దు.

మర్నాడు ఇసుకపైన 15 సెంటీమీటర్ల నీళ్లుండేట్టు చేసి, గుంతమీద అడ్డంగా కట్టె పెట్టి దాన్నుంచే స్కేలుతో కొలువు. అరగంటకోసారి, నాలుగు గంటలపాటు, మళ్లీ 15కు నింపుకుంటూ. చివరి అరగంటలో తగ్గిందే లెక్క. 25 మిల్లీమీటర్లు దిగడానికి 30 నిమిషాలలోపు పడితే ఇంకుడు గుంత చాలు. 30 నుంచి 60 అయితే గుంత కాదు, కంకర నింపిన పొడవాటి కాలువ తవ్వాలి, దానికి చోటు ఎక్కువ పడుతుంది. 60 దాటితే ఆ నేల తాగదు, గుంతను ఎంత పెద్దది చేసినా నిండి వాకిట్లోకే వస్తుంది. చివరి అరగంటలో 20 మిల్లీమీటర్లు తగ్గిందనుకో, 25కు ముప్పై ఏడున్నర నిమిషాలు, అంటే కాలువే.

ట్యాంకు కొలతలు తేలిక. ఐదుగురికి ఒకటిన్నర మీటర్ల పొడవు, ముప్పావు మీటరు వెడల్పు, నీళ్ల లోతు మీటరు, పైన 30 సెంటీమీటర్ల ఖాళీ. మడ్డి తీసే ట్యాంకర్ దానిదాకా రాగలిగే బాట ఉందో చూసుకో, పక్కవాడి గేటు మీద ఆధారపడొద్దు.

గుంతలో కనబడిన పొరలూ, చివరి అరగంట కొలతా రాసి పంపు. అడ్వాన్సు మాట తర్వాత మాట్లాడుకుందాం.

ఆశీస్సులతో,
మీ మామ