గెలిచింది నేనే, ఓడిందీ నేనేనా?

ప్రశ్న: మనల్ని మనం గెలవడమే అసలు గెలుపని గ్రీకు ఫిలాసఫర్లు అన్నారట, మరి ఓడింది కూడా మనమేగా, అదేం గెలుపండీ?

జవాబు: భలే పట్టుకున్నారు, ఈ డౌట్ ప్లేటోకీ వచ్చింది. 'లాస్' (చట్టాలు) అనే పుస్తకంలో ఆ మాట క్రీటు దీవికి చెందిన ఒక పెద్దాయన చేత అనిపించాడు గానీ ఆయనదే ఇంకో పుస్తకం 'రిపబ్లిక్'లో సోక్రటీస్ మాత్రం ఇది నవ్వొచ్చే మాటే అంటూనే, మనసులో మంచి భాగం చెడ్డదాన్ని అదుపులో పెడితే అదే గెలుపని సర్దిచెప్తాడు. నాకైతే ఎపిక్టెటస్ అనే ఇంకో గ్రీకు ఫిలాసఫర్ నచ్చుతాడు, గెలుపు నీ చేతిలో లేని పోటీకి దిగకు, ఇక నిన్నెవడూ ఓడించలేడు అంటాడు. తప్పించుకోవడంలా ఉంది కదూ? కానీ ఆయన బానిసగా బతికినవాడు, ఏది మన చేతిలో ఉంటుందో ఏది ఉండదో ఆయనకి బాగా తెలుసు. తమాషా ఏంటంటే ఆయన పాఠాలు చెప్పిన నికోపోలిస్ అనే గ్రీసు ఊరి పేరుకి అర్థం గెలుపు ఊరు, క్రీ.పూ. 31లో ఆక్టియం యుద్ధం గెలిచిన గుర్తుగా ఆక్టేవియన్ (తర్వాత రోమ్ చక్రవర్తి అగస్టస్ అయినాయన) కట్టించింది.