అమ్మ, పిల్లలతో జర్మనీ వెళ్తూ చిన్న బ్రూవరీల బీర్లు రుచి చూడటం కుదురుతుందా?

కుదురుతుందండి, కాకపోతే ఊరు సరిగ్గా ఎంచుకోవాలి. జూన్‌లో పది రోజులకు వస్తున్నామన్నారు. మీతో అమ్మగారు, మీ ఆవిడ, ఎనిమిదేళ్ల బాబు, నాలుగేళ్ల పాప ఉంటారు. బీర్ల కోసం వాళ్లను హోటల్లో కూర్చోబెట్టి వెళ్లడం మీకు ఇష్టం లేదు. అందరూ మ్యూనిక్‌లోని పేరున్న బీర్ హాలు హోఫ్‌బ్రాయ్‌హౌస్ చూడమంటున్నారని రాశారు. నా సలహా వేరు. మ్యూనిక్‌లో రెండు రోజులు తగ్గించి, ఉత్తర బవేరియాలో ఫ్రాంకోనియా ప్రాంతంలోని బాంబెర్గ్‌లో రెండు రాత్రులు ఉండండి.

నేను ఉండేది ఎర్లాంగెన్‌లో. ఇక్కడి నుంచి బాంబెర్గ్‌కు రైల్లో ముప్పావుగంట కూడా పట్టదు. అత్తయ్య, మావయ్య వేసవికి వచ్చినప్పుడు, ఆ తర్వాత మా అన్నయ్య వాళ్లు పిల్లలతో వచ్చినప్పుడు అందరినీ అక్కడికే తీసుకెళ్లాను. బీరు నాకు ఇష్టం, మా ఆయనకు పెద్దగా పట్టింపు లేదు, అత్తయ్యకు ఆ వాసనే పడదు. అయినా అందరం ఒకే బల్ల దగ్గర హాయిగా కూర్చున్నాం. అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను.

ముందుగా అమ్మగారి సంగతి. బీరు అనగానే మన పెద్దవాళ్ల కళ్ల ముందు మెదిలేది వైన్ షాపు, దాని పక్కన పర్మిట్ రూమ్. అక్కడికెళ్లాక ఆశ్చర్యపరచడం కన్నా ముందే చెప్పేయడం మంచిది. రైలెక్కక ముందే నేను అత్తయ్యతో అన్నాను, "ఇక్కడి బీరు రుచి చూడటం నాకు ఇష్టం అత్తయ్యా, ఒక గ్లాసు తీసుకుంటాను, మీకు ఇబ్బందిగా ఉంటే చెప్పండి" అని. ఆవిడ కాసేపు ఊరుకుని, "తాగి ఎవరైనా గొడవ చేస్తారా అక్కడ?" అని ఒక్కటే అడిగారు. చేయరని చెప్పాను. అక్కడికెళ్లాక పక్క బల్లల మీద మనవళ్లతో వచ్చిన ముసలివాళ్లను, తోపుడుబండిలో నిద్రపోతున్న చంటిపిల్లలను చూసి ఆవిడే కుదుటపడ్డారు.

మీరు వెళ్లాల్సినవి కెల్లర్లు, అంటే ఇక్కడి బీర్ గార్డెన్లు. పేరుకు నేలమాళిగ అయినా, మనం కూర్చునేది కొండవాలు మీద, చెట్ల కింద, ఆరుబయట. ఫ్రిజ్‌లు లేని కాలంలో బవేరియాలో ఎండాకాలం బీరు కాచడానికి వీల్లేదని 1539లోనే నియమం పెట్టారు. సెప్టెంబరు 29 నుంచి ఏప్రిల్ 23 వరకే కాయాలి. ఆ బీరు వేసవంతా చెడిపోకుండా కొండల్లో గుహల్లాంటి గదులు తవ్వి దాచేవాళ్లు. పైన నేల వేడెక్కకుండా నీడకు చెట్లు పెంచారు. ఆ చెట్ల కిందే బల్లలు వేసి బీరు అమ్మడం మొదలైంది. దాంతో ఊళ్లోని భోజనశాలల వ్యాపారం దెబ్బతింటోందని గోల రేగితే, 1812లో బవేరియా రాజు మాక్సిమిలియన్ జోసెఫ్ మ్యూనిక్ బ్రూవర్ల విషయంలో మధ్యేమార్గం చెప్పాడు: బీరు అమ్ముకోవచ్చు, రొట్టె తప్ప వంటకాలు అమ్మకూడదు. జనం తిండి ఇంటి నుంచి తెచ్చుకోవడం మొదలుపెట్టారు. ఇప్పుడు ఆ నిషేధం లేదు, కానీ అలవాటు పోలేదు. బవేరియా ప్రభుత్వం 1999లో తెచ్చిన బీర్ గార్డెన్ల నిబంధనల్లో కూడా సొంత తిండి తెచ్చుకోవడాన్ని ప్రస్తావించారు.

మీ ఇంటివాళ్లకు ఇంతకన్నా పనికొచ్చే విషయం లేదు. పులిహోర, చపాతీలు, చెక్కలు డబ్బాల్లో సర్దుకుని వెళ్లండి, డబ్బాలు తెరిచే ముందు ఒక మాట అడిగితే సరి. తాగేవి మాత్రం అక్కడే కొనాలి, మంచినీళ్లతో సహా. బల్ల మీద గుడ్డ పరిచి ఉంటే అది అక్కడ భోజనం ఆర్డరు చేసేవాళ్లకని సాధారణంగా అర్థం, ఉత్త చెక్క బల్ల చూసుకుని కూర్చోండి. ఏ సందేహమున్నా అడిగితే చెప్తారు.

మేం స్పెట్సియాల్ కెల్లర్‌లో కూర్చున్నాం. కొండ మీద నుంచి కేథడ్రల్ నాలుగు గోపురాలు ఎదురుగా కనిపిస్తాయి. మా పక్క బల్లకు ఒక పెద్దావిడ వచ్చి, సంచిలోంచి గళ్ల గుడ్డ తీసి పరిచి, తెల్ల ముల్లంగిని సన్నగా చక్రాల్లా తరిగి, ఉప్పు జల్లి, అది నీరు వదిలేదాకా ఆగి తింటూ బీరు తాగుతోంది. అత్తయ్య ఆ ముల్లంగి తరగడాన్నే చూస్తూ కూర్చుని, చివరికి నాలుగు చెక్కలు ఆవిడ పళ్లెంలో పెట్టారు. భాష లేకుండానే ఇద్దరికీ అరగంట గడిచింది. బీరుకు చెక్కల కన్నా మంచి జోడీ నాకైతే ఇంతవరకు దొరకలేదు. ఆ కారం, ఆ ఉప్పు, బీరులోని మాల్ట్ (మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ) తీపికి సరిగ్గా సరిపోతాయి.

ఇక బీర్లు. బాంబెర్గ్ అంటే పొగ బీరు. ఒకప్పుడు మొలకెత్తిన బార్లీని కట్టెల మంట మీదే ఆరబెట్టేవాళ్లు కాబట్టి బీర్లకు పొగ వాసన పట్టేది. పొగ తగలకుండా వేడిగాలితో ఆరబెట్టే పద్ధతులు వచ్చాక అది దాదాపు అన్నిచోట్లా పోయింది. ఈ ఊళ్లో ష్లెంకెర్లా, స్పెట్సియాల్ అనే రెండు బ్రూవరీలు మాత్రం మాల్ట్‌ను ఇప్పటికీ బీచ్ (beech) అనే చెట్టు కట్టెల మంట మీద తామే తయారుచేసుకుంటున్నాయి. 1405 నాటి రికార్డుల్లోనే ష్లెంకెర్లా ఇంటి ప్రస్తావన ఉంది. అక్కడి మెర్ట్సెన్ అనే పొగ బీరులో ఆల్కహాలు 5.1 శాతం. చెక్క పీపాలోంచి నేరుగా పట్టి ఇస్తారు. ముదురు ఎరుపు కలిసిన గోధుమ రంగు, పైన లేత గోధుమరంగు నురగ. గ్లాసు ముక్కు దాకా రాకముందే వాసన తెలుస్తుంది. మావయ్య ఒక్కసారి వాసన చూసి, "కట్టెల పొయ్యి మీద పాలు పొగచూరితే ఇలాగే ఉండేది" అన్నారు. అంతకన్నా బాగా నేను చెప్పలేను. మొదటి గుక్కకు కొందరు మొహం చిట్లిస్తారు. సగం గ్లాసు అయ్యేసరికి పొగ వెనక్కి తగ్గి, అడుగున ఉన్న మాల్ట్ రుచి పైకొస్తుంది. తొందరపడి పక్కన పెట్టేయకండి.

స్పెట్సియాల్‌లో పొగ తక్కువ, మొదటిసారి తాగేవాళ్లకు అదే నయం. రైల్వే స్టేషన్‌కు దగ్గర్లోనే ఉంది, రోడ్డుకు అవతలి వైపు ఫెస్లా బ్రూవరీ. నా మనసుకు దగ్గరైనది మాత్రం వుండర్‌బుర్గ్ పేటలోని మార్స్ బ్రాయ్ వాళ్ల వడకట్టని బీరు. పీపా మూత బిగించకుండా పులియబెడతారు కాబట్టి గ్యాస్ తక్కువ, కడుపు ఉబ్బదు, కాల్చిన రొట్టె పైపొర రుచి ఉంటుంది. దాని పొట్టి పేరు "ఊ" (U), అలా అడిగితే చాలు, అదే తెస్తారు. ఎదురుగానే కేస్‌మన్ ఉంది, అక్కడి పిల్స్ అనే లేత రంగు బీరు చేదుగా, శుభ్రంగా ఉంటుంది. రోజుకు రెండు చోట్లు మించి పెట్టుకోకండి. తేలికవి ముందు, పొగవి చివర. పొగ నాలుకకు పట్టాక ఇంకేదీ తెలియదు.

అమెరికాలోలా చిన్న గ్లాసుల వరస ఇక్కడి పాత బ్రూవరీల్లో దొరకడం అరుదు. మామూలు గ్లాసే అర లీటరు, దాన్ని సైడ్లా అంటారు. మీరూ మీ ఆవిడా ఒకటి పంచుకోండి, ఎవరూ ఏమీ అనుకోరు. చివర్లో ఇంకొంచెమే కావాలంటే "ష్నిట్" అని అడగండి, సగం గ్లాసు పోసిస్తారు. పిల్లలకు యాపిల్ రసంలో సోడా కలిపిన ఆప్‌ఫెల్‌షోర్లె బాగుంటుంది. కారు తీసుకుంటే నడిపేవాళ్లు ఆ పూట ముట్టుకోకపోవడమే మంచిది, అందుకే నేను రైలే చెప్తాను. పాత ఊరంతా నడిచి తిరగొచ్చు, నది మధ్యలో కట్టిన పాత టౌన్‌హాల్ దగ్గర పిల్లలు బాగా సరదాపడతారు. 1993 నుంచి ఆ పాత ఊరు యునెస్కో వారసత్వ జాబితాలో ఉంది.

అమ్మగారు శాకాహారి అయితే ఒక జాగ్రత్త. ఒబాట్స్‌డా అనే చీజ్ ముద్ద చూడ్డానికి శాకాహారమే, కానీ అందులో తరచూ కాస్త బీరు కలుపుతారు. వేయించిన బంగాళాదుంపల్లో పంది మాంసం ముక్కలు పడుతుంటాయి. "ఓనె ష్పెక్" అంటే అవి లేకుండా అని, ఆ రెండు మాటలు గుర్తుపెట్టుకోండి. ప్రెట్జెల్ అనే మెలి తిప్పిన రొట్టె ఆవిడ తినగలరు, చీజ్‌తో చేసే కేజెష్పెట్స్‌లె పిండిలో మాత్రం గుడ్డు ఉంటుంది, ఆవిడ గుడ్డు తింటేనే తీసుకోండి, ఇవి కూడా అడిగి తీసుకోండి.

రాత్రి పిల్లలు పడుకున్నాక తాగాలనుకుంటే సీసాలు కొని తెచ్చుకోండి. సీసాకు 8 సెంట్లు, బిరడా క్లిప్పు ఉన్నదైతే 15 సెంట్లు డిపాజిట్, ఖాళీ సీసా ఇస్తే తిరిగొస్తుంది. హైదరాబాద్‌కు తీసుకెళ్లేటట్టయితే సుంకం లేకుండా పెద్దవాళ్లకు మనిషికి 2 లీటర్లు, అంటే అర లీటరు సీసాలు నాలుగు. చెక్-ఇన్ పెట్టెలో చీరల మధ్య చుట్టి పెట్టండి. కెల్లర్లు వాన పడితే తెరవరు, వారంలో ఒక రోజు సెలవు కూడా ఉంటుంది. మీ తేదీలు ఇక్కడ రాస్తే ఏ రోజు ఏది తెరిచి ఉంటుందో చూసి చెప్తాను.